పదకొండో కాగితం

బంట్రోతు కోర్టు హాలు గుమ్మంలోకి వచ్చి గొంతు సవరించుకున్నాడు. వరండాలో బల్లల మీదున్న వాళ్ళ వెన్నులన్నీ ఒక్కసారిగా నిటారయ్యాయి. పిలిచింది వేరే ఎవరినో, గట్టు తగాదా వాళ్ళని. వెన్నులు మళ్ళీ వంగాయి. గోవర్ధనరావు వెన్ను మాత్రం వంగలేదు. మోకాళ్ళు విడదీసి, అరచేతులు తొడల మీద తెరిచిపెట్టి, మడమలు నేలకి ఆనీ ఆనకుండా కూర్చుని ఉన్నాడు. అరవై మూడేళ్ళొచ్చాయి, ఆట మానేసి ముప్ఫై ఏళ్ళు దాటింది, అయినా గోల్ ముందు కాచుకునే ఆ కూర్చోవడం ఒంట్లోంచి పోలేదు. పెళ్ళి పీటల మీద కూడా ఇలాగే కూర్చున్నారండీ, ఏ వైపు నుంచి ఏ బంతి వస్తుందోనని, అని భార్య మాణిక్యమ్మ ఇంటికొచ్చిన చుట్టాలందరికీ చెప్పి నవ్వేది. ఇవాళ పొద్దున గుడివాడ స్టేషనుకి బయల్దేరుతుంటే గడప దగ్గర ఆపి, ఒక గుండీ తప్పి పెట్టుకున్న చొక్కాని సరిచేసింది. ఆవిడ ఏమీ అనకపోవడం రైల్లో అతని పక్కనే కూర్చుని బందరు దాకా వచ్చింది.

సముద్రం ఇక్కడికి కనపడదు గాని గాలిలో ఉంటుంది. వరండా కిటికీ ఊచల్ని ఉప్పు తిని తిని సన్నం చేసింది. వేలితో రాస్తే తుప్పు పొడిలా రాలుతోంది. తూర్పున మబ్బు దిగి, పదకొండు గంటలకే వెలుతురు సాయంత్రంలా పచ్చబడింది. ఇలాంటి వెలుతురులో బంతి చివరి క్షణం దాకా కనపడదు. కొట్టేవాడి భుజం చూసి కదలాలి. ఇప్పుడు ఎవరి భుజం చూడాలి? ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఉన్న జనంలో పంతొమ్మిది మంది తన కేసువాళ్ళే. హాకీ ఆటగాళ్ళమని కాగితాలు చూపించి క్రీడాకారుల కోటాలో ఉద్యోగాలు తెచ్చుకున్నవాళ్ళు, ఇప్పుడు ఆ ఉద్యోగాల్లోంచి పక్కన పెట్టబడి, ఇస్త్రీ చొక్కాలతో గోడలకి ఆనుకుని నిలబడినవాళ్ళు. ఆ పంతొమ్మిది కాగితాల కింద కృష్ణాతీర హాకీ సంఘం కార్యదర్శిగా గోవర్ధనరావు పేరుంది, సంతకముంది. అందులో పద్దెనిమిది మంది జన్మలో హాకీ కర్ర పట్టుకుని ఎరగరు. ఒకళ్ళు ఎరుగుదురు. ఆ ఒకళ్ళ దగ్గరికి వచ్చేసరికి అతని ఆలోచన, కాలవ గట్టు మీద సైకిలు పాముని చూసి తప్పుకున్నట్టు, పక్కకి తిరిగిపోతోంది. ఆరేళ్ళ కిందట మావయ్యా, బాబాయ్ గారూ అంటూ గుమ్మంలో చెప్పులు విడిచినవాళ్ళు ఇవాళ అతని కళ్ళలోకి చూడటం లేదు. అందరూ అతని చేతుల వైపు చూస్తున్నారు.

తనూజ నల్లకోటు ఎగరేసుకుంటూ వచ్చి పక్కన కూర్చుంది. ఒకప్పుడు అతని ముందు ఫుల్ బ్యాక్ ఆడిన శోభనాద్రి కూతురు. శోభనాద్రి పోయి నాలుగేళ్ళు. ఈ పిల్ల గుడివాడలో ప్రాక్టీసు పెట్టి, ఫీజు మాటెత్తకుండా ఈ కేసు తన మీద వేసుకుంది.

"మావయ్య గారూ, మళ్ళీ చెప్తున్నాను, విసుక్కోకండి. సాక్ష్యాలన్నీ అయిపోయాయి. ఇవాళ మీరు జవాబు చెప్పుకునే రోజు. జడ్జి గారు కాగితాలు ఒక్కొక్కటే చూపించి, ఈ సంతకం మీదేనా అని అడుగుతారు. నాది కాదండి. అంతే. ఇంకో ముక్క వద్దు. మధ్యలో మీ హాకీ కథలెత్తకండి, మీకు దణ్ణం పెడతాను. మా నాన్నా ఇంతే, రేషన్ కార్డు కోసం వెళ్తే ఫైనల్ మ్యాచ్ చెప్పొచ్చారు."

"ఏ ఫైనలు? మనం ఓడినదా?"

"చూశారా!" అని తనూజ నవ్వింది. వెంటనే నవ్వు మడిచేసింది. "సంతకాల నిపుణుడు ఏమీ తేల్చలేనన్నాడు. అదొక్కటే మనకున్న తాడు. దాన్ని వదలకండి. ఒక్క కాగితం మీద ఔనన్నారా, మిగతావీ మీవే అయిపోతాయి. ఇదిగో, నకళ్ళు. మీ చేతిలో ఉంచుకోండి. చూసి చూసి అలవాటైతే లోపల బెదురుండదు."

నకళ్ళ కట్ట అతని ఒళ్ళో పెట్టి, వేరే కేసు పిలుస్తున్నారని లేచి వెళ్ళిపోయింది. తాడు అంటే తన వేళ్ళు. కుడిచేతి చూపుడు వేలు రెండో కణుపు దగ్గర బయటికి వంగి ఉంటుంది, దాని పక్క వేలు లోపలికి. ఇరవై ఆరో ఏట బంతి తగిలి విరిగాయి. టోర్నమెంటు మధ్యలో ఆసుపత్రికి పోతే ఇంకొకణ్ణి నిలబెడతారని గుడ్డ చుట్టుకుని మిగతా మూడు మ్యాచులూ ఆడాడు. అవి అలాగే అతుక్కున్నాయి. అప్పటి నుంచి అతని సంతకం ఏ రెండుసార్లూ ఒకలా ఉండదు. పేరు రాసి కింద గీత గీసి, గీత కింద రెండు చుక్కలు పెడతాడు. గీత సగం దూరం వెళ్ళాక వేలు ఎగురుతుంది, గీత తెగుతుంది. పోలీసులు తెల్లకాగితాల మీద అరవై సంతకాలు పెట్టించారు. అరవై చోట్లా తెగింది, ఏదీ ఒకే చోట కాదు. ఇన్‌స్పెక్టరు నుదురు తుడుచుకుని, ఏంటండీ మీరు అరవైమందా ఏంటి, అన్నాడు. ఆ మాటకి గోవర్ధనరావు నవ్వబోయి ఆగాడు. అరవై కాగితాల మీద వరసగా తన పేరు తాను రాసుకుంటూ, స్టేషను బల్ల ముందు, ఫ్యాను కింద, అతనికి లోపల ఎక్కడో సంతోషం లాంటిది కలిగింది. దాన్ని ఎవరైనా చూశారేమోనని భయమేసింది.

ఆ సంతోషం పాతది. దాని వేరు ఎక్కడుందో అతనికి తెలుసు. కప్పు గెలుచుకుని వచ్చిన రోజు. బెజవాడ స్టేషను, రెండో నంబరు ప్లాట్‌ఫారం. జట్టంతా రైలు దిగుతుంటే కాలేజీ కుర్రాళ్ళు నోటుబుక్కులు పట్టుకుని పరుగెత్తుకొచ్చారు. గోవర్ధనరావు కిట్టు సంచీ కింద పెట్టి, కట్టు ఊడదీసిన వేళ్ళు ప్యాంటుకి తుడుచుకుని నిలబడ్డాడు. వాళ్ళు అతన్ని దాటుకుని పక్క పెట్టె దగ్గరికి వెళ్ళారు. అందులో ఎవరో క్రికెట్టు ఆటగాడు దిగాడు, పెద్ద పేరున్నవాడు కూడా కాదు. గుంపు చుట్టేసింది. వెనక పడిపోయిన ఒకడు వగరుస్తూ గోవర్ధనరావు దగ్గరికి వచ్చాడు. అన్నా, మీరు పొడుగ్గా ఉన్నారు, ఆయన సంతకం తెచ్చి పెడతారా, అని నోటుబుక్కు చేతిలో పెట్టాడు. తెచ్చి పెట్టాడు. అందరి తలల మీదుగా చెయ్యి చాపి, సంతకం చేయించి, తెచ్చి ఇచ్చాడు. ఆ చాపిన చెయ్యి ఇప్పటికీ దించలేదేమో అనిపిస్తుంది ఒక్కోసారి. రైల్వేలో ముప్ఫై నాలుగేళ్ళు పనిచేసి హాజరు పట్టీలో రోజూ పెట్టిన సంతకాలు సంతకాలు కావు. అవి ఉన్నానని చెప్పడమే. నువ్వు పెడితేనే దీనికి విలువ అని ఒక మనిషి కాగితం చాపితే అది సంతకం.

అలా చాపిన మొదటి మనిషి మొవ్వ నుంచి వచ్చాడు. దూరపు చుట్టం. మావయ్యా, మీ చేతి గీత ఒక్కటి పడితే మావాడి బతుకు ఒడ్డున పడుతుంది, అన్నాడు. రెండు చేతులతో కాగితం పట్టుకుని, కొంచెం వంగి. ఆ వంగడం చూడగానే గోవర్ధనరావు, మీవాడు ఎక్కడ ఆడాడు, ఏ స్థానంలో ఆడాడు అని అడగలేకపోయాడు. ఆ ప్రశ్న అడిగితే ఎదుటి మనిషి నిటారుగా నిలబడతాడు. అది అతనికి ఇష్టం లేకపోయింది. ఆ తర్వాత తోట్లవల్లూరు నుంచి, పామర్రు నుంచి, చిలకలపూడి నుంచి. కాఫీ లోటాతో మాణిక్యమ్మ గుమ్మంలోకి వచ్చి, ఇంతమంది హాకీ ఆడేవాళ్ళున్నారా అండీ మన జిల్లాలో, ఒక్క గ్రౌండన్నా లేదు కదా, అంది ఒకసారి. లోపలికి వెళ్ళు, అన్నాడు. రూపాయి పుచ్చుకోలేదు. ఆ సంగతి తనూజకి గర్వంగా చెప్పుకున్నాడు. ఆ పిల్ల, పుచ్చుకుని ఉంటే నాకు అర్థమయ్యేది మావయ్య గారూ, అంది. ప్రయాణాల్లో ఉంటే జనం ఊరికే తిరిగిపోతున్నారని, ఖాళీ ఫారాల మీద ముందుగానే కట్టలు కట్టలుగా సంతకాలు పెట్టి సంఘం గుమాస్తా నూకరాజుకి ఇవ్వడం మొదలుపెట్టాడు. పేర్లు, పోటీలు, తేదీలు నూకరాజు నింపేవాడు. సంతకం ముందు, ఆట తర్వాత.

నూకరాజు నింపిన పోటీలు నాగాయలంకలో జరిగాయి. దివిసీమ ఆహ్వాన హాకీ పోటీలు, మూడు రోజులు, ఎనిమిది జట్లు. ఆ పేరు నూకరాజే పుట్టించాడు. ఇన్‌స్పెక్టరు ఫైలు తిరగేసి, ఆ మూడు రోజులూ కృష్ణ పొంగి ఆ మైదానంలో మొలలోతు నీళ్ళున్నాయండీ, చేపలతో ఆడించారా సార్, అన్నాడు. ఆ మాట చెవిలో పడ్డప్పటి నుంచి గోవర్ధనరావుకి ఆ పోటీలు గుర్తుకు రావడం మొదలుపెట్టాయి. ముందు ఒక ముక్క. ఇటుక రంగు నీళ్ళలో తేలుతున్న తెల్ల బంతి. తర్వాత గోల్ స్తంభాలు, వాటి చుట్టూ సుడి తిరుగుతున్న గడ్డి. తర్వాత మనుషులు. మొలలోతు నీళ్ళలో ఇస్త్రీ చొక్కాలతో నిలబడి, కర్రలు లేకుండా, చేతులు ఊరికే అటూ ఇటూ ఊపుతున్న పద్దెనిమిది మంది. తాను గోల్లో ఉన్నాడు. కాళ్ళకి కట్టుకున్న పాతకాలపు దూది ప్యాడ్లు నీళ్ళు తాగి బరువెక్కుతున్నాయి. వాళ్ళు కేకలు వేయరు. గోల్ కొట్టరు. నీళ్ళు మాత్రం మొల నుంచి రొమ్ముకి, రొమ్ము నుంచి గొంతుకి వస్తుంటాయి. జరగనిది ఎలా గుర్తుకొస్తుందని ఒక డాక్టర్ని అడగాలనుకున్నాడు. అడిగితే దాన్ని కూడా సాక్ష్యం కింద రాసుకుంటారేమో. ఇప్పుడు ఈ వరండాలో, ఈ పచ్చటి వెలుతురులో, గోడలకి ఆనుకున్న చొక్కాలు చూస్తుంటే బల్ల కింద కాళ్ళ దగ్గర చల్లగా తగిలినట్టయి పాదాలు ఎత్తాడు. గచ్చు పొడిగానే ఉంది.

అతని వేళ్ళు తమంతట తాము నకళ్ళు తిరగేస్తున్నాయి. ఒకటి, తెగిన గీత. రెండు, తెగిన గీత. అయిదు, ఎనిమిది, తెగిన గీతలు, ఒక్కొక్కటి ఒక్కో చోట. తన పిల్లల్ని చూసుకుంటున్నట్టు ఉంది. ఇవి నావి కావు అని చెప్పాలి కాసేపట్లో. పది. తర్వాతి కాగితాన్ని అంటి బొటనవేలు ఆగిపోయింది. తిరగెయ్యకపోయినా అందులో ఏముందో అతనికి తెలుసు. మొదటిసారి పోలీసులు చూపించినప్పుడే తెలిసింది. తెలిసిన ఆ క్షణం నుంచి దాన్ని తనకి తాను కూడా చెప్పుకోకుండా తిరుగుతున్నాడు. తనూజకి చెప్పలేదు. తిరగేశాడు. కొల్లి నాగదుర్గ, తండ్రి సత్యనారాయణ, పెడన. పోటీలు గుడివాడలో. ఆ పోటీలు నిజం. ఆ పిల్ల ఆడటం నిజం. కింద సంతకం, పేరు కింద గీత ఈ చివర నుంచి ఆ చివర దాకా ఎక్కడా తెగకుండా, కొడవలి వంపులా హాయిగా సాగి, రెండు చుక్కలు ముత్యాల్లా. ఎంత అందంగా ఉంది. వేళ్ళు విరగక ముందు తాను పెట్టిన సంతకంలా ఉంది. అది తన సంతకం కాదు. నూకరాజుది. పంతొమ్మిదిలో పద్దెనిమిది దొంగ ఆటగాళ్ళకి తన నిజం సంతకం, ఒక్క నిజం ఆటగత్తెకి దొంగ సంతకం.

ఆ మ్యాచ్ అతను చూశాడు. వాన వెలిసిన మైదానం, బురద, గట్టు మీద కుర్చీ వేసుకుని. ఎదుటి జట్టుకి పెనాల్టీ కార్నర్ వచ్చింది. కొట్టే మనిషికి ఎదురుగా బంతి మీదికే పరుగెత్తి వెళ్ళే పని ఒకళ్ళకి ఉంటుంది. జట్టులో మొండివాళ్ళకి ఇస్తారు. ఆ పిల్ల పరుగెత్తింది. బంతి మోకాలి కింద ఎముక మీద తగిలిన చప్పుడు గట్టు దాకా వినపడింది. పడిపోయింది, లేచింది, కుంటుకుంటూ వెళ్ళి మళ్ళీ గీత మీద నిలబడింది, మళ్ళీ పరుగెత్తింది. గోవర్ధనరావుకి ఒళ్ళు జలదరించింది. ఆట అయ్యాక వెళ్ళి భుజం తట్టాలనుకున్నాడు. ఎందుకో కుర్చీలోంచి లేవలేదు. రెండు నెలలకి ఆ పిల్ల ఫారం పట్టుకుని ఇంటికి వచ్చింది. మావయ్యా అనలేదు. వంగలేదు. ఒక్క చేత్తో కాగితం ఇచ్చి, గుడివాడలో ఆడానండి, మీరు చూశారు, సంతకం పెట్టండి, అంది. అంతే. బస్సు కండక్టర్ని టిక్కెట్టు అడిగినట్టు. అతని లోపల ఏదో ముడుచుకుంది. రేపు రా, అన్నాడు. రేపు వస్తే పడుకున్నారని చెప్పించాడు. తలుపు వెనక నిలబడి, గేటు చప్పుడయ్యేదాకా ఊపిరి బిగపట్టి. మూడోసారి ఫారం ఉంచుకుని పంపించి, నూకరాజుకి ఇచ్చి, చూద్దాంలే, అన్నాడు. నూకరాజు చూశాడు. ఆఖరి తేదీ వచ్చేసింది. ఆ పిల్ల సంఘం గదిలో ఏడ్చిందట, లేదా ఏడవకుండా నిలబడిందట. నూకరాజు జాలిపడి సార్ సంతకం తనే పెట్టేశాడు. సార్ సంతకం కదా అని శ్రద్ధగా, అందంగా పెట్టాడు.

"సార్."

నూకరాజు ఎప్పుడొచ్చాడో బల్ల చివర కూర్చుని ఉన్నాడు. రెండో ముద్దాయి. కేసు పడ్డాక జుట్టుకి రంగు వెయ్యడం మానేశాడు. ముందుకు చూస్తూనే, పెదాలు పెద్దగా కదపకుండా మాట్లాడాడు.

"ఆ కాగితం అంతసేపు చూడమాకండి సార్. అటు ప్రభుత్వ లాయరు చూస్తున్నాడు."

"ఎంత బాగా పెట్టావురా."

"మీ మీద గౌరవం సార్ అది. ఇప్పుడు మాత్రం ఆ గౌరవం బయటపెట్టకండి. అన్నీ కాదనేయండి, గొడవొదిలిపోద్ది. అది ఒక్కటీ నూకరాజు పెట్టాడని మాత్రం అన్నారనుకోండి..." ఆగి, జేబు రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. "మిగతా పద్దెనిమిదీ నా ముందు కూర్చుని కాఫీ తాగుతూ పెట్టారని నేను చెప్పుకోవాల్సొస్తుంది. మాణిక్యమ్మ గారే ఇచ్చారు కాఫీ. ఆవిణ్ణి బోనెక్కించడం నాకిష్టం లేదు సార్. నా ఉప్పు కారం అక్కడివే."

ఎంత మెత్తగా అన్నాడు. గోల్ ముందుకి వచ్చి, నవ్వి, మోకాళ్ళ మీద కొట్టి వెళ్ళే సెంటర్ ఫార్వర్డ్‌లు ఉండేవాళ్ళు అలా. గోవర్ధనరావు కట్ట మూశాడు. లెక్క చాలా చిన్నది, అందుకే దానిలోంచి తప్పుకునే దారి లేదు. అన్నీ కాదంటే తను ఇంటికి వెళ్తాడు. సాయంత్రం రైలు, మాణిక్యమ్మ, పెరట్లో కుర్చీ. కాని పంతొమ్మిదీ దొంగవవుతాయి. నాగదుర్గ దొంగ అవుతుంది, ఉద్యోగం పోవడమే కాదు, ఆ పద్దెనిమిది మందితో కలిసి జైలుకి పోతుంది. ఆ ఏడాది స్కోరు పుస్తకాలు సంఘం గదిలో చెదలు తినేశాయి. ఆ పిల్ల ఆడిందని చెప్పడానికి ఇప్పుడు లోకంలో మిగిలింది ఈ కాగితం, గట్టు మీద కుర్చీలో కూర్చున్న తను. ఉన్నది ఉన్నట్టు చెప్తే? పద్దెనిమిదీ నావే, ఇది ఒక్కటీ కాదు అంటే? తనూ పోతాడు, ఆడినా సంతకం దొంగదైతే కాగితం దొంగదే కాబట్టి ఆ పిల్లా పోతుంది. నిజం మొత్తం చెప్తే ఎవరూ మిగలరు. ఆ పిల్ల ఒడ్డున పడాలంటే పద్దెనిమిది నిజాలు చెప్పి, వాటి మధ్య ఒక అబద్ధం ఎక్కడా తెగకుండా చెప్పాలి.

నాగదుర్గ వరండా ఆ చివర, మిగతావాళ్ళకి దూరంగా, స్తంభం పక్కన నిలబడి ఉంది. పక్కన తండ్రి సత్యనారాయణ. పెడనలో కలంకారీ అద్దకం పని. అరచేతులు మణికట్టు దాకా ఎర్రగా, ఎన్నిసార్లు కడిగినా పోని రంగుతో. అరెస్టులయ్యాక ఒకసారి గుడివాడ వచ్చి ఆ చేతులు ఒళ్ళో పెట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు. మా పనిలో అచ్చు ఒకటేనండి, అన్నాడు. అదే దిమ్మె, అదే రంగు. కాని ఎవరు వేశారో గుడ్డ మీద తెలిసిపోద్దండి. మా తమ్ముడిది బరువు చెయ్యి, నాది కాదు. మా అమ్మాయి మీ చేతి గీత చూపించి, ఇదేంటి నాన్నా, సార్ చెయ్యి వంకర కదా, ఇది ఇంత తిన్నగా ఉంది, అని అడిగిందండి, ఆ రోజే. నేనే నోరు మూసుకోమన్నాను. అంటే వాళ్ళకి తెలుసు. ఆరేళ్ళుగా తెలుసు. ఆ పిల్ల ఆ తెగని గీతని పెట్టెలో దాచుకుని, ఉద్యోగానికి వెళ్తూ, వస్తూ, తన పేరు కింద దొంగది ఉందని తెలిసే బతికింది. ఇప్పుడు తనవైపు నడిచి వస్తోంది. ఎడమకాలు కొంచెం ఈడుస్తోంది. అప్పటి దెబ్బేనా?

అతను లేచి నిలబడ్డాడు. ఎందుకు లేచాడో తెలియలేదు.

"కూర్చోండి సార్," అంది నాగదుర్గ. గొంతు పెంచలేదు. "మా లాయరు గారు మీతో మాట్లాడొద్దన్నారు. నేను మిమ్మల్నేం అడగను. ఒక్కటే. గుడివాడ మ్యాచ్ మీరు నిజంగా చూశారా? చూసినట్టు నేనే అనుకున్నానా?"

అది అడగడానికే వచ్చింది. సంతకం గురించి కాదు. జరగని పోటీలు తనకి గుర్తుకొస్తున్నట్టు, జరిగిన మ్యాచ్ ఈ పిల్లకి జరగనట్టు అయిపోతోంది. చుట్టూ నలుగురు దొంగవంటూ ఉంటే ఒంటి మీద మచ్చ కూడా అబద్ధమేమోనని తడిమి చూసుకునే స్థితి.

"రెండుసార్లు పరుగెత్తావు," అన్నాడు. "మొదటి దెబ్బ తగిలాక రెండోసారి ఇంకా ముందు బయల్దేరావు. అంపైరు విజిల్ వెయ్యబోయి మానేశాడు."

నాగదుర్గ ముఖంలో ఏదో వదులైంది. "అది ఎవరికీ తెలీదు సార్," అంది. "మా నాన్నక్కూడా చెప్పలేదు." వెళ్ళబోతూ ఆగి, "మూడోసారి వచ్చినప్పుడు మీరు తలుపు వెనకే ఉన్నారు. కింద సందులోంచి కాళ్ళు కనపడ్డాయి," అని, ఏ కోపమూ లేకుండా, వచ్చినట్టే వెళ్ళిపోయింది. మూడోసారి కాదు, రెండోసారి, అని దిద్దాలనిపించింది అతనికి.

"గుడివాడ గోవర్ధనరావూ... గుడివాడ గోవర్ధనరావూ... గుడివాడ గోవర్ధనరావూ!" బంట్రోతు మూడుసార్లు అరిచాడు, ఎదురుగా నిలబడిన మనిషిని ఎక్కడో సముద్రం మీద ఉన్నవాణ్ణి పిలిచినట్టు. మైదానంలో మైకులో కూడా అతని పేరు అలా మూడుసార్లు ఎవరూ పిలవలేదు.

లోపల చీకటిగా ఉంది. మబ్బు ఇంకా దిగినట్టుంది, లైట్లు వేశారు. బోను కొయ్య మీద ఎన్నో చేతులు పట్టుకుని పట్టుకుని నునుపు చేసిన చోట అతని వంకర వేళ్ళు సరిగ్గా అమరాయి. పెనాల్టీ స్ట్రోక్ అంటే ఇదే. ఏడు గజాల దూరం, ఒక్కడు కొట్టేవాడు, ఒక్కడు ఆపేవాడు, మిగతా లోకమంతా గీత అవతల. గోవర్ధనరావుకి ఒక జబ్బు ఉండేది. బంతి కదలక ముందే కుడివైపు దూకేసేవాడు. నువ్వు బంతిని ఆపడానికి దూకట్లేదురా, నిలబడటం చేతగాక దూకుతున్నావ్, అనేవాడు శోభనాద్రి. ఒక్కసారి, బాబూ, ఒక్కసారి కదలకుండా నిలబడి చూడు. శోభనాద్రి కూతురు ఇప్పుడు ఎదురుగా నిలబడి, కనపడీ కనపడకుండా తల అడ్డంగా ఊపుతోంది. నాది కాదండి. రెండే మాటలు. జడ్జి గారు కళ్ళజోడు సర్దుకుని మొదటి కాగితం పైకెత్తి పట్టుకున్నారు.

"ఈ సంతకం మీదేనా?"

తెగిన గీత అక్కడి నుంచి కూడా కనపడుతోంది. ఒళ్ళంతా కుడివైపుకి లాగింది. నాది కాదండి అనే మాట నాలుక మీదికి వచ్చి, బరువుగా, తడిగా నిలబడింది. అతను కదల్లేదు. బంతి వస్తుందేమోనని చూశాడు. తన ఊపిరి తనకి వినిపించింది. ఈ పంతొమ్మిదీ కాదంటే లోకంలో తను ఎవరికీ సంతకం పెట్టనట్టే కదా, అనే ఆలోచన పాములా వచ్చి వెళ్ళింది. తనని నిలబెట్టింది ఆ పిల్ల కుంటినడకా, ఈ ఆలోచనా? తేల్చుకునే వ్యవధి లేదు.

"నాదేనండి."

తనూజ చేతిలో పెన్ను కింద పడింది. "ఆలోచించుకుని చెప్పండి," అన్నారు జడ్జి గారు. రెండో కాగితం. నాదేనండి. మూడు. అయిదు. ఆ పోటీలు జరిగాయా? జరగలేదండి, మైదానంలో నీళ్ళున్నాయి. వెనక బల్లల మీద ఎవరో మూలిగారు. చెప్పిన కొద్దీ నీళ్ళు మొల నుంచి మోకాళ్ళకి దిగుతున్నట్టుంది. ఇస్త్రీ చొక్కాలు ఒక్కొక్కటే ఆ ఎర్ర నీళ్ళలో మునిగిపోతున్నాయి. వాళ్ళూ తనని నమ్ముకుని వంగినవాళ్ళే. పది. పదకొండో కాగితం.

"ఈ పోటీలు?"

"జరిగాయండి. గుడివాడలో. ఆ అమ్మాయి ఆడింది. నేను చూశాను."

"సంతకం?"

నూకరాజు ముందుకు వంగాడు. "నాదేనండి," అన్నాడు గోవర్ధనరావు. అంతవరకూ చెప్పిన పది నిజాల్లో ఏదీ ఇంత తేలిగ్గా రాలేదు.

మిగతా ఎనిమిదింటికీ నాదేనండి అన్నాక, కోర్టు గుమాస్తా అతను చెప్పినవన్నీ టైపు చేసి, కాగితం తీసి బోను దగ్గరికి తెచ్చాడు. "కింద సంతకం చెయ్యండి," అన్నాడు. గోవర్ధనరావుకి అప్పుడు తెలిసింది, బంతి ఇంకా రాలేదని. ఇదిగో ఇప్పుడు వస్తోందని. జడ్జి గారి ముందు పదకొండో కాగితం ఇంకా విప్పే ఉంది. ఆయన కళ్ళు దాని మీద ఉన్నాయి, ఆ తెగని గీత మీద, మిగతా పద్దెనిమిదింటిలోనూ లేని ఆ నునుపు మీద. తన మామూలు సంతకం ఇక్కడ పడితే ఆయన రెండూ పక్కపక్కన పెట్టి చూస్తారు. చూస్తే చాలు. అరవైసార్లూ తెగిన గీత ఈ ఒక్కసారి తెగకుండా రావాలి. జన్మలో మొదటిసారి దొంగ సంతకం పెట్టాలి. తన పేరు, నూకరాజు చేతితో.

పెన్ను తీసుకున్నాడు. పేరు రాశాడు. మెల్లగా, ఒక్కో అక్షరం గుండ్రంగా, నూకరాజు గౌరవంతో రాసినట్టు. గీత మొదలుపెట్టాడు. సగం దూరంలో వేలు ఎగరబోయే చోటు అతనికి తెలుసు. ఆ చోటుకి ముందే ఎడమచేత్తో వంకర కణుపుని పట్టుకుని కొయ్యకేసి అదిమాడు. ఏదో చిటుక్కుమంది. నొప్పి మోచేతి దాకా పాకింది, కళ్ళ ముందు పచ్చటి వెలుతురు నల్లబడింది. చెయ్యి తియ్యలేదు. గీత ఈ చివర నుంచి ఆ చివరకి, కొడవలి వంపులా, వెళ్ళిపోయింది. రెండు చుక్కలు పెట్టాడు.

గుమాస్తా కాగితం తీసుకెళ్ళి జడ్జి గారి ముందు ఉంచాడు. ఆయన దాన్ని పదకొండో కాగితం పక్కకి జరిపారు. ఒకదాన్నీ మరొకదాన్నీ చూశారు. తర్వాత తలెత్తి, కాగితాల వైపు కాకుండా, బోను కొయ్య మీద వాచిపోతున్న వేలి వైపు చూశారు. గుమ్మంలో బంట్రోతు తర్వాతి పేరు పిలవడానికి గొంతు సవరించుకోబోయాడు. ఆయన చెయ్యెత్తి ఆపారు.